‘బిడ్డ నాదే’ అని ఒప్పుకుంటే ఏమవుతుంది?

పెళ్ళి లేకుండా బిడ్డ పుట్టిన సంగతి పల్లెలో బయటపడితే ముందుగా జరిగేది రచ్చబండ పంచాయతీ. పిల్ల తరఫువారు, పిల్లవాడి తరఫువారు చెరోపక్క చేరతారు. పెద్దమనుషులు గట్టిగా నిలదీస్తే, లేదా తనకే జాలి కలిగితే, ఆ వ్యక్తి ‘బిడ్డ నాదే’ అని నలుగురిలో ఒప్పుకుంటాడు. వెంటనే స్టాంపు కాగితం వస్తుంది. ఇంత రొక్కం ఇచ్చినట్లు, ఇకమీదట ఒకరితో ఒకరికి సంబంధం లేనట్లు రాసి, వేలిముద్రలు వేయించి, సాక్షి సంతకాలు పెట్టిస్తారు. అంతటితో గొడవ తీరిపోయిందని ఇరుపక్షాలూ ఇళ్ళకు వెళ్ళిపోతాయి.

నిజానికి చట్టం దృష్టిలో వ్యవహారం మొదలయ్యేది అక్కడే. ఒప్పుకున్న మగవాడికి తన మీద ఏ బాధ్యత పడిందో తెలియదు. కాగితం మడిచి పెట్టెలో దాచుకున్న తల్లికి తన బిడ్డకు ఏ హక్కు వచ్చిందో, ఏది రాలేదో తెలియదు. ఈ తెలియనితనం వల్ల ఏళ్ళ తర్వాత పొలం పంపకాల దగ్గర, బడిలో చేర్పించే దగ్గర, పెళ్ళి సంబంధాల దగ్గర చిక్కులు వస్తున్నాయి.

ఇందులో మూడు వేరువేరు విషయాలు వున్నాయి. బిడ్డ తిండికి, బట్టకు, చదువుకు అయ్యే ఖర్చు ఒకటి. తండ్రి ఆస్తిలో వాటా రెండవది. రికార్డులో తండ్రి పేరు మూడవది. ‘నా బిడ్డే’ అన్న ఒక్క మాటతో ఈ మూడూ ఒకేసారి వచ్చేస్తాయని చాలామంది అనుకుంటారు. అలా రావు. మొదటిది దాదాపు తప్పక వస్తుంది. రెండవది చాలా సందర్భాలలో రాదు. మూడవది రికార్డు రాయించిన తీరును బట్టి వుంటుంది.

ఒప్పుకోలు ఎన్ని విధాలు?

మన దేశంలో హిందువులకు పితృత్వం ఒప్పుకోవడానికి ప్రత్యేకమైన ఫారం అంటూ ఏదీ లేదు. నోటిమాటగా చెప్పినా, ఉత్తరంలో రాసినా, స్టాంపు కాగితం మీద సంతకం చేసినా, జనన రిజిస్టరులో తండ్రిగా పేరు రాయించినా, బడిలో చేర్పించేటప్పుడు తండ్రిగా సంతకం పెట్టినా, రేషన్ కార్డులో బిడ్డ పేరు చేర్పించినా అన్నీ ఒప్పుకోలు కిందకే వస్తాయి. తలవెంట్రుకలు తీయించడం, అన్నప్రాశన చేయించడం, జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకువెళ్ళి తండ్రిగా పేరు చెప్పడం వంటివి కూడా కోర్టులో సాక్ష్యంగా పనికి వస్తాయి. బంధువులు, ఊరివారు ఆ బిడ్డను ఎవరి బిడ్డగా చూస్తూ వచ్చారన్నది కూడా కోర్టు పరిశీలిస్తుంది.

1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. ఒప్పుకోలు విషయంలో పాత సూత్రమే కొత్త చట్టంలోనూ కొనసాగుతున్నది. ఒక మనిషి తనకు ప్రతికూలంగా తానే చెప్పిన మాట అతనిమీద బలమైన సాక్ష్యం. అయితే అది తిరుగులేని రుజువు మాత్రం కాదు. బెదిరించి రాయించుకున్నారనీ, మోసంతో సంతకం తీసుకున్నారనీ, పొరపాటున ఒప్పుకున్నాననీ అతను తర్వాత నిరూపించుకోవచ్చు. కాని ఆ నిరూపించే భారం అతనిదే. పదేళ్ళపాటు తండ్రిగా మెలిగి, పొలం పంచవలసి వచ్చిన నాడు ‘కాదు’ అంటే కోర్టు అంత తేలికగా నమ్మదు.

జనన రిజిస్టరులో పేరు

బిడ్డ పుట్టిన 21 రోజులలోగా సమాచారం ఇస్తే జననం ఉచితంగా నమోదవుతుంది. 21 రోజులు దాటి 30 రోజులలోపు అయితే ఆలస్య రుసుము చెల్లించాలి. 30 రోజులు దాటి ఏడాదిలోపు అయితే పై అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు వుండాలి. 2023లో 1969 నాటి జనన మరణాల నమోదు చట్టాన్ని సవరించారు. దాని ప్రకారం ఏడాది దాటిన జననాలకు జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, లేదా అధికారం పొందిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇస్తారు.

ఈ కాగితం విలువ ఇప్పుడు మునుపటికంటె పెరిగింది. 2023 అక్టోబరు 1న గాని ఆ తర్వాత గాని పుట్టిన వారికి బడిలో చేరడానికి, డ్రైవింగ్ లైసెన్సుకు, ఓటర్ల జాబితాకు, పెళ్ళి నమోదుకు, ప్రభుత్వ ఉద్యోగానికి, పాస్‌పోర్టుకు, ఆధార్‌కు పుట్టిన తేదీ, స్థలం చూపించే ఆధారంగా జనన ధ్రువపత్రమే నిలుస్తుంది. అందువల్ల అందులో ఏ పేరు పడుతున్నదో మొదటిరోజే చూసుకోవడం మేలు.

పెళ్ళి కాని తల్లులు తండ్రి పేరు చెప్పలేక జననమే నమోదు చేయించకుండా వూరుకుంటున్నారు. దీనివల్ల బిడ్డకే నష్టం. తండ్రి పేరు లేకపోయినా జననం నమోదు అవుతుంది. 2015లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, పెళ్ళి కాని తల్లి తన కడుపున పుట్టిన బిడ్డకు ధ్రువపత్రం కోరితే ఆమె ప్రమాణపత్రం తీసుకుని ఇచ్చి తీరాలని ఆదేశించింది. 2023 సవరణ కూడా ఒంటరి తల్లి తానే సమాచారం ఇవ్వవచ్చునని స్పష్టం చేసింది. తండ్రి పేరు చెప్పమని ఆమెను పట్టుబట్టే హక్కు ఎవరికీ లేదు.

ఒకసారి రాసిన పేరును కొట్టివేసి వేరే పేరు రాయడం మాత్రం కుదరదు. పొరపాటున గాని మోసంతో గాని నమోదైందని రుజువైతే మొదటి నమోదును అలాగే వుంచి, పక్కన మార్జినులో సవరణ రాస్తారు. కావాలని అబద్ధపు సమాచారం ఇవ్వడం శిక్షకు గురిచేసే నేరం.

మనోవర్తి తప్పదు

తండ్రి ఒప్పుకున్న మీదట బిడ్డకు మొదటగా దక్కేది మనోవర్తి. దీనికి తల్లిదండ్రుల మధ్య పెళ్ళి జరిగిందా లేదా అన్న ప్రశ్నే రాదు. పూర్వపు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షను, దాని స్థానంలో 2024 జూలై 1న వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షను ఈ మాటను సూటిగానే చెబుతున్నాయి. తగిన రాబడి వున్న తండ్రి తన సక్రమ సంతానాన్నయినా, అక్రమ సంతానాన్నయినా, తమను తాము పోషించుకోలేని స్థితిలో వున్నంత కాలం పోషించాలి. ఇది ఒక మతానికి పరిమితం కాదు. హిందువు, ముస్లిం, క్రైస్తవుడు ఎవరైనా ఒకటే.

మామూలుగా ఈ బాధ్యత బిడ్డకు 18 ఏళ్ళు నిండేవరకు వుంటుంది. అంగవైకల్యం గాని, మానసిక లోపం గాని వుండి సంపాదించుకోలేని బిడ్డ విషయంలో ఆ తర్వాత కూడా కొనసాగుతుంది.

ఇదివరకు నెలకు 500 రూపాయలకు మించి మనోవర్తి ఇవ్వరాదన్న పరిమితి వుండేది. 2001లో ఆ పరిమితిని ఎత్తివేశారు. ఇప్పుడు తండ్రి రాబడి, బిడ్డ అవసరాలు చూసి మేజిస్ట్రేటు ఎంతైనా నిర్ణయించవచ్చు. కేసు తేలేలోగా మధ్యంతర మనోవర్తి కూడా కోరవచ్చు. తండ్రికి నోటీసు అందిన 60 రోజులలో, వీలైనంతవరకు, ఆ కోరికను తేల్చాలని చట్టం చెబుతున్నది. 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం మనోవర్తి దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్కకు వస్తుంది. ఇరుపక్షాలూ తమ ఆస్తి, రాబడి వివరాలు ప్రమాణపత్రంగా దాఖలు చేయాలి. భూమి కౌలుకిచ్చి ‘నాకు రాబడే లేదు’ అని చెప్పడం ఇప్పుడు అంత సులువు కాదు.

ఉత్తర్వు వచ్చాక కూడా చెల్లించకపోతే మేజిస్ట్రేటు వారంటు జారీ చేస్తారు. వసూలు కాకపోతే బకాయిపడిన ఒక్కొక్క నెలకు ఒక నెల వరకు జైలు విధించవచ్చు. జైలుకు వెళ్ళి వచ్చినంత మాత్రాన బాకీ మాఫీ కాదు. అయితే తల్లులు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. బకాయి పడిన తేదీ నుంచి ఏడాదిలోపు వసూలుకు దరఖాస్తు పెట్టాలి. ఏళ్ళ తరబడి వూరుకుంటే పాత బకాయి ఈ దారిలో రాబట్టడం కష్టమవుతుంది.

హిందువులకు దీనితోపాటు 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం కూడా వున్నది. అందులోని 20వ సెక్షను ప్రకారం అక్రమ సంతానం కూడా మైనరుగా వున్నంత కాలం తండ్రి నుంచి, తల్లి నుంచి మనోవర్తి పొందవచ్చు. తండ్రి చనిపోతే ఆ బాధ్యత అక్కడితో ఆగదు. చనిపోయినవాని ఆస్తి తీసుకున్న వారసులు ఆ ఆస్తిలోనుంచే కొడుకునైతే మైనారిటీ తీరేవరకు, కూతురునైతే పెళ్ళయ్యేవరకు పోషించాలి.

స్టాంపు కాగితం విలువ ఎంత?

‘ఒక్కసారిగా ఇంత ఇచ్చేశాను, ఇక బిడ్డకు నాతో సంబంధం లేదు’ అని రాయించుకున్న కాగితాన్ని చాలామంది కోటగోడలా నమ్ముకుంటారు. అది కోట కాదు, కంచె కూడా కాదు. మనోవర్తి హక్కు బిడ్డది. దాన్ని తల్లి గాని, తాత గాని, పెద్దమనుషులు గాని బిడ్డ తరఫున వదులుకోలేరు. చట్టం ఇచ్చిన హక్కును తీసివేసే ఒప్పందం ప్రజా విధానానికి విరుద్ధమైనది గనుక చెల్లదు. ఇచ్చిన రొక్కాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చు గాని, దాన్ని చూసి బిడ్డను వట్టి చేతులతో పంపించదు.

చిత్రం ఏమిటంటే, సంబంధం తెంచుకోవడానికి రాయించుకున్న ఆ కాగితమే సంబంధం వున్నదని చెప్పే ప్రధాన సాక్ష్యంగా మారుతుంది. ‘పుట్టిన బిడ్డ నిమిత్తం ఇచ్చిన సొమ్ము’ అని రాసి సంతకం చేసిన వ్యక్తి, తర్వాత ఆ బిడ్డ ఎవరో తెలియదంటే ఎవరు నమ్ముతారు? తల్లులు ఆ కాగితం అసలును ఎవరికీ ఇవ్వకుండా భద్రం చేసుకోవాలి.

పొలంలో వాటా వస్తుందా?

అన్నిటికంటె ఎక్కువ అపోహలు ఇక్కడే వున్నాయి. మనోవర్తి విషయంలో చట్టం పెళ్ళి సంగతి అడగదు. ఆస్తి విషయంలో అడుగుతుంది.

తల్లిదండ్రుల మధ్య పెళ్ళి అంటూ అసలు జరగకపోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 3వ సెక్షను ప్రకారం ఆ బిడ్డ తల్లికి, తల్లి కడుపున పుట్టిన ఇతర బిడ్డలకు బంధువు అవుతుంది. తల్లి ఆస్తికి వారసత్వం వస్తుంది. తండ్రి వీలునామా రాయకుండా చనిపోతే ఆయన ఆస్తిలో వారసురాలిగా వాటా రాదు. అతను వందమందిలో ‘నా బిడ్డే’ అని ఒప్పుకున్నా ఇదే పరిస్థితి. ఒప్పుకోలు అన్నం పెట్టిస్తుంది గాని, అరెకరం రాయించదు.

పెళ్ళి జరిగి, అది చట్టరీత్యా చెల్లనిదైతే సంగతి వేరు. మొదటి భార్య బతికి వుండగా గుళ్ళోనో ఇంట్లోనో రెండవ పెళ్ళి చేసుకోవడం మన పల్లెల్లో కొత్త కాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం ఆ పెళ్ళి చెల్లదు. ఆ స్త్రీకి భార్య హోదా రాదు. కాని ఆ చట్టంలోని 16వ సెక్షను ఆ పెళ్ళిలో పుట్టిన బిడ్డలను సక్రమ సంతానంగానే చూస్తుంది. తల్లిదండ్రుల తప్పుకు బిడ్డలను శిక్షించరాదన్నదే అందులోని ఉద్దేశం. అయితే వారికి హక్కు తల్లిదండ్రుల ఆస్తిలో మాత్రమే. పెదనాన్న, చిన్నాన్న, తాతల ఆస్తిలో నేరుగా హక్కు లేదు.

మరి పిత్రార్జితం మాటేమిటి? దీనిపై చాలాకాలం కోర్టులు వేరువేరు మాటలు చెప్పాయి. 2023 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఒక దారి చూపింది. తండ్రి చనిపోయే ముందు క్షణంలో ఉమ్మడి ఆస్తి పంపకం జరిగిందని ఊహించుకుని, తండ్రికి వచ్చే వాటా ఎంతో లెక్క కట్టాలి. ఆ వాటాలో మాత్రం చెల్లని పెళ్ళిలో పుట్టిన బిడ్డలకు కూడా భాగం వుంటుంది.

ఉదాహరణకు ఒక రైతుకు 6 ఎకరాల పిత్రార్జితం వున్నదనుకుందాం. మొదటి భార్యకు ఒక కొడుకు. ఆమె బతికి వుండగానే అతను రెండవ పెళ్ళి చేసుకోగా అందులో ఒక కూతురు పుట్టింది. తర్వాత మొదటి భార్య, అటుపైన ఆ రైతు చనిపోయారు. రైతు తల్లి అంతకు ముందే పోయింది. ఊహించిన పంపకంలో తండ్రికి 3 ఎకరాలు, కొడుక్కి 3 ఎకరాలు వస్తాయి. తండ్రి 3 ఎకరాలను కొడుకు, రెండవ పెళ్ళి కూతురు చెరిసగం పంచుకుంటారు. అంటే కూతురికి ఎకరన్నర, కొడుక్కి మొత్తం నాలుగున్నర ఎకరాలు. రెండవ పెళ్ళి చేసుకున్న స్త్రీకి భార్యగా వాటా రాదు.

ఇంకొక సందర్భం కూడా వున్నది. పెళ్ళికి సాక్ష్యం దొరకకపోయినా, ఇద్దరూ ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో భార్యాభర్తలుగా బతికితే పెళ్ళి జరిగినట్లే చట్టం భావిస్తుంది. కాదనేవారే దాన్ని తప్పని నిరూపించాలి. 2022 జూన్‌లో కేరళకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని అనుసరించే కొడుక్కి వాటా ఇప్పించింది. అయితే అతనికి అప్పటికే వేరే భార్య వుంటే ఈ భావన పనికిరాదు.

బిడ్డను నిజంగా ఆదుకోవాలనుకునే తండ్రికి సులువైన దారి వీలునామా. స్వార్జితాన్నయినా, పిత్రార్జితంలో తన వాటానయినా తనకు ఇష్టమైన వారికి రాసి ఇవ్వవచ్చు. బిడ్డ పేరు, తల్లి పేరు స్పష్టంగా రాసి, ఇద్దరు సాక్షులతో సంతకం చేయించి, సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరు చేయించుకుంటే తర్వాత గొడవలు తగ్గుతాయి.

వేరొకరి భార్యకు పుట్టిన బిడ్డ

ఒక స్త్రీకి చట్టబద్ధమైన భర్త వుండగా, వేరొకడు వచ్చి ‘బిడ్డ నాదే’ అంటే చట్టం అంగీకరిస్తుందా? ఇక్కడ సాక్ష్య చట్టం చాలా కఠినంగా వున్నది. చెల్లుబాటయ్యే పెళ్ళి కొనసాగుతుండగా గాని, విడాకులైన లేదా భర్త చనిపోయిన తర్వాత ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకోకుండా వుండగా 280 రోజులలోపు గాని పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డేనని తిరుగులేని రుజువుగా తీసుకోవాలి. బిడ్డ కడుపున పడిన కాలంలో భార్యాభర్తలు ఒకరిని ఒకరు కలుసుకునే అవకాశమే లేదని నిరూపిస్తేనే దీనికి మినహాయింపు.

2025 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసు ఒకదానిలో ఈ సూత్రాన్ని మళ్ళీ చెప్పింది. భర్త తనను కలిసే అవకాశం వున్నంతవరకు, వేరొకడితో సంబంధం వున్నదని తల్లి చెప్పినా, ఆ వేరొకడే తండ్రి అని కోర్టు ప్రకటించదు. బిడ్డ మీద మచ్చ పడకూడదన్నదే ఇందులోని ఆలోచన. కనుక ఇలాంటి సందర్భంలో ఉబలాటంతో ఒప్పుకున్నవాడికి తండ్రి హక్కులు రావు సరికదా, రెండు కుటుంబాలు రచ్చకెక్కుతాయి.

డి.ఎన్.ఏ. పరీక్ష

‘పరీక్ష చేయించండి, తేలిపోతుంది’ అనడం ఇప్పుడు పల్లెల్లో కూడా వినిపిస్తున్నది. ఈ పరీక్షకు మన హైదరాబాదుతో గట్టి సంబంధమే వున్నది. 1989లో కేరళలోని తలస్సేరి కోర్టులో నడిచిన ఒక పితృత్వ వివాదంలో హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్త డాక్టర్ లాల్జీ సింగ్ డి.ఎన్.ఏ. సాక్ష్యం ఇచ్చారు. ఈ సాక్ష్యాన్ని మన దేశపు కోర్టు అంగీకరించిన తొలి కేసుగా దాన్ని చెబుతారు.

ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా 2007 నుంచి 2009 వరకు పనిచేసిన ఎన్.డి. తివారీ కేసు అందరికీ గుర్తుండే వుంటుంది. తన తండ్రి ఆయనేనని ఒక యువకుడు 2008లో ఢిల్లీ హైకోర్టులో దావా వేశాడు. తివారీ కాదన్నారు, రక్తం ఇవ్వనన్నారు. చివరకు కోర్టు ఆదేశంతో 2012 మే నెలలో డెహ్రాడూన్‌లో నమూనా ఇవ్వవలసి వచ్చింది. పరీక్ష హైదరాబాదులోని డి.ఎన్.ఏ. కేంద్రంలో జరిగింది. తివారీయే తండ్రి అని 2012 జూలై 27న వెల్లడైంది. 2014 మార్చిలో ఆయన బహిరంగంగా ఒప్పుకున్నారు.

అయినా అడిగిన ప్రతివారికీ కోర్టు పరీక్షకు ఆదేశించదు. అనుమానం తీర్చుకోవడానికి రక్తపరీక్ష జరిపించరాదని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. బలమైన ప్రాథమిక ఆధారాలు వుండాలి, బిడ్డకు కలిగే మేలూ కీడూ తూచాలి. బలవంతంగా నెత్తురు తీయడం మామూలుగా జరగదు. కాని కోర్టు ఆదేశించాక నిరాకరించేవాడు ఏదో దాస్తున్నాడని కోర్టు భావించవచ్చు. కనుక నిజంగా అనుమానం వున్నవారు ఒప్పుకోకముందే ఆ మాట చెప్పాలి. ఒప్పుకుని, పేరు రాయించి, ఏళ్ళు గడిచాక పరీక్ష కోరితే కోర్టు ‘ఇన్నాళ్ళూ ఏం చేశావు?’ అని అడుగుతుంది.

బిడ్డ ఎవరి దగ్గర వుండాలి?

ఒప్పుకున్నాను గనుక బిడ్డను నాకు అప్పగించాలని కొందరు తండ్రులు, ముఖ్యంగా మగబిడ్డ అయితే, పట్టుబడతారు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం పెళ్ళి లేకుండా పుట్టిన బిడ్డకు సహజ సంరక్షకురాలు తల్లి. ఆమె తర్వాతే తండ్రి. డబ్బు ఇస్తున్నంత మాత్రాన బిడ్డను లాక్కుపోయే హక్కు లేదు. చూడడానికి రానివ్వమని కోర్టును కోరవచ్చు. బిడ్డ మేలు ఎందులో వున్నదో చూసి కోర్టు నిర్ణయిస్తుంది. డబ్బు ఇవ్వలేదని తల్లి బిడ్డను చూపించకపోవడం, చూపించలేదని తండ్రి డబ్బు ఆపడం రెండూ సరికాదు.

ఈ బంధం ఒకవైపే కాదు. నేడు బిడ్డను పోషించిన తండ్రి రేపు ముసలితనంలో పోషణ లేక మిగిలితే, సంపాదనాపరుడైన ఆ బిడ్డను మనోవర్తి అడగడానికి అదే 144వ సెక్షనులో వీలున్నది.

ముస్లింలలో ‘ఇక్రార్’

ముస్లిం న్యాయశాస్త్రంలో మాత్రం పితృత్వ ఒప్పుకోలుకు ప్రత్యేక స్థానం వున్నది. దీనిని ‘ఇక్రార్’ అంటారు. 1888లో అలహాబాదు హైకోర్టులో జస్టిస్ మహమూద్ ఇచ్చిన తీర్పు, 1921లో ప్రివీ కౌన్సిల్ ఇచ్చిన తీర్పు ఇందుకు నేటికీ ఆధారాలు. బిడ్డ తల్లితో తనకు నిఖా జరిగిందో లేదో తేలని స్థితిలో, తండ్రి ఆ బిడ్డను తన సక్రమ సంతానంగా ఒప్పుకుంటే, ఆ బిడ్డకు వారసత్వం వస్తుంది. ఆ స్త్రీతో నిఖా జరిగినట్లు కూడా భావిస్తారు. ఒకసారి ఒప్పుకున్నాక వెనక్కు తీసుకోవడానికి లేదు.

అయితే షరతులు వున్నాయి. ఇద్దరి వయసుల తేడా తండ్రీబిడ్డల బంధానికి పొసగాలి. బిడ్డ వేరొకరి సంతానమని తెలిసి వుండకూడదు. నిఖాకు అవకాశమే లేని సంబంధంలో పుట్టినట్లు రుజువై వుండకూడదు. ఊహ తెలిసిన బిడ్డ కాదనకూడదు. కనుక తెలిసిన వేరొకరి బిడ్డను పెంచుకుని ఇక్రార్‌తో సొంతబిడ్డగా మార్చుకోవడం వీలుకాదు.

ఒప్పుకోలుతో వచ్చే కేసులు

తల్లి వయసు 18 ఏళ్ళలోపు అయితే ‘బిడ్డ నాదే’ అన్న మాట నేరాన్ని ఒప్పుకున్నట్లే. 2012 నాటి పోక్సో చట్టం కింద పిల్ల ఇష్టపడిందన్న సమాధానం చెల్లదు. ఇలాంటి వాటిని పెద్దమనుషులు స్టాంపు కాగితంతో సర్దివేయడం కూడా తప్పే. నేరం జరిగిందని తెలిసి పోలీసులకు చెప్పకపోవడాన్ని ఆ చట్టం నేరంగా చూస్తుంది.

అలాగే బిడ్డలు లేనివారు ఎక్కడినుంచో పసికందును తెచ్చుకుని, తమకే పుట్టినట్లు జనన రిజిస్టరులో రాయించడం జరుగుతున్నది. జాలితో చేసినా ఇది నేరమే. అనాథ బిడ్డను చట్టప్రకారం కాకుండా దత్తత తీసుకుంటే 2015 నాటి బాలల న్యాయ చట్టం 80వ సెక్షను కింద మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బిడ్డను డబ్బుకు కొన్నా అమ్మినా ఐదేళ్ళ వరకు శిక్ష వున్నది. పెంచుకోవాలనుకునేవారు జిల్లా బాలల సంరక్షణ కార్యాలయాన్ని అడిగి పద్ధతి ప్రకారం దత్తత తీసుకోవాలి.

అమెరికాలో పద్ధతి వేరు

జిల్లా నుంచి అమెరికా వెళ్ళిన పిల్లలు చాలామంది వున్నారు. అక్కడ పెళ్ళి కాని దంపతులకు బిడ్డ పుడితే ఆసుపత్రిలోనే పితృత్వాన్ని స్వచ్ఛందంగా ఒప్పుకునే ఫారం ఇస్తారు. తల్లి, తండ్రి ఇద్దరూ సంతకం చేస్తే అది కోర్టు తీర్పుతో సమానం. మనసు మారితే 60 రోజులలోగా రద్దు చేసుకోవచ్చు. ఈలోపే బిడ్డ విషయమై కోర్టు విచారణ మొదలైతే ఆ గడువు అంతటితో ముగుస్తుంది. ఆ తర్వాత మోసం, బలవంతం, వాస్తవాలలో పెద్ద పొరపాటు అన్న కారణాల మీద మాత్రమే సవాలు చేయడానికి వీలు. చదవకుండా సంతకం పెట్టవద్దని ఇక్కడి పెద్దలు పిల్లలకు చెప్పడం మంచిది.

ఎవరిని ఆశ్రయించాలి?

మనోవర్తి దరఖాస్తు తండ్రి వుండే చోటనే వేయాలని లేదు. ఎక్కడ వేయవచ్చో న్యాయవాదిని అడిగి తెలుసుకోవాలి. ప్రథమ శ్రేణి మేజిస్ట్రేటు కోర్టులోనూ, కుటుంబ న్యాయస్థానం వున్న చోట అక్కడా దాఖలు చేస్తారు. జనన ధ్రువపత్రం, ఆసుపత్రి చీటీలు, ఒప్పుకోలు కాగితం, ఉత్తరాలు, ఫోటోలు, డబ్బు పంపిన రసీదులు, ఫోనులోని సందేశాలు అన్నీ దాచివుంచుకోవాలి. ఒప్పుకున్నప్పుడు దగ్గర వున్నవారి పేర్లు రాసి పెట్టుకోవాలి.

న్యాయవాదికి ఫీజు ఇచ్చుకోలేమన్న దిగులు అక్కరలేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు రాబడితో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. షెడ్యూల్డు కులాలు, తెగల వారికి కూడా ఇంతే. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో గాని, దగ్గరి కోర్టులోని మండల న్యాయ సేవా కమిటీలో గాని తెల్లకాగితం మీద అర్జీ ఇస్తే చాలు. 15100 నంబరుకు ఫోను చేసి కూడా అడగవచ్చు. స్త్రీల సహాయానికి 181, పిల్లల సహాయానికి 1098 వున్నాయి.

ఇక ఒప్పుకునే మగవారు చేయవలసింది కూడా కష్టమైనది కాదు. నిజం తెలిసిన తర్వాతే ఒప్పుకోవాలి. ఒప్పుకున్న తర్వాత నెలనెలా ఇచ్చే సొమ్ము బ్యాంకు ద్వారా పంపి రసీదు వుంచుకోవాలి. బిడ్డకు ఆస్తి ఇవ్వదలచుకుంటే తాను బతికి వుండగానే వీలునామా రిజిస్టరు చేయించాలి. పెద్దమనుషుల సమక్షంలో రాజీ కుదిరినా, ఆ షరతులను లోక్ అదాలత్‌లో నమోదు చేయించుకుంటే కోర్టు డిక్రీతో సమానంగా చెల్లుతాయి. ఇవి చేసిన ఇంట్లో బిడ్డ పెద్దదయ్యాక కోర్టు మెట్లు ఎక్కవలసిన అవసరం తక్కువగా వుంటుంది.